సీలో సొంత ప్రింట్‌ఎఫ్: మూడు చుక్కల అవతల ఏముందో ఫంక్షన్‌కు తెలియదు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. 32 బిట్ల ఆర్మ్ మైక్రోకంట్రోలర్ బోర్డు మీద సీరియల్ పోర్టుకు డీబగ్ సందేశాలు పంపడానికి ప్రింట్‌ఎఫ్ లాంటి చిన్న ఫంక్షన్ రాస్తున్నారు. కాలేజీ నోట్సులో ఉన్నట్టు ఫార్మాట్ స్ట్రింగ్ చిరునామా తీసుకుని, పాయింటర్‌ను ముందుకు జరుపుతూ విలువలు చదివితే ల్యాప్‌టాప్‌లో చెత్త వచ్చింది. దాన్ని వదిలి వీఏ_ఆర్గ్ (చుక్కల్లో వచ్చిన విలువలను ఒక్కొక్కటిగా తీసిచ్చే మాక్రో) వాడి, రకం దగ్గర చార్ అని రాస్తే కంపైలర్ హెచ్చరించింది, నడిపితే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ప్రోగ్రాం ఆగిపోయింది. అది సర్దుకున్నాక, ఒకే సందేశాన్ని తెరకూ లాగ్ ఫైలుకూ పంపాలని ఒకే వీఏ_లిస్ట్‌ను (ఆ విలువల్లో ఎంతదాకా చదివామో గుర్తుంచుకునే వేరియబుల్‌ను) రెండుసార్లు వాడారు. బోర్డు మీద బాగానే ఉంది, ల్యాప్‌టాప్‌లో రెండో పిలుపు దగ్గర కుప్పకూలుతోంది.

ఈ మూడింటికీ వేరు ఒక్కచోటే ఉంది. డిక్లరేషన్‌లో మూడు చుక్కలు పెట్టామంటే, ఆ చుక్కల స్థానంలో ఎన్ని విలువలు వచ్చాయో, ఏ రకానివి వచ్చాయో పిలవబడిన ఫంక్షన్‌కు తెలిసే దారి లేదు. సీ భాష ఆ సమాచారాన్ని పంపదు. లెక్కగానీ రకాల పట్టీగానీ ఎక్కడా దాచి ఉంచదు. ఫార్మాట్ స్ట్రింగ్‌లో పిలిచేవాడు రాసిన %డి, %ఎస్ తప్ప మీ ఫంక్షన్‌కు వేరే ఆధారం లేదు. అది అబద్ధమైతే మీ ఫంక్షన్ ఆ అబద్ధాన్నే నమ్మి మెమరీ చదువుతుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. కోడ్ ఇవ్వను, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో చెబుతాను. ఈ ఫంక్షన్‌ను ఒక్కసారైనా మీ చేత్తో మీరు రాయాలని నా కోరిక.

ముందు ఆ నోట్సు పద్ధతి సంగతి. అది పూర్తిగా తప్పుడు చదువేమీ కాదు, దాని కాలం వేరు. మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో టర్బో సీ నడిచిన రోజుల్లో ఆర్గ్యుమెంట్లన్నీ స్టాక్ మీదికే వెళ్లేవి, అదీ కుడి నుంచి ఎడమకు. అందుకే ఫార్మాట్ స్ట్రింగ్ పాయింటర్ తక్కువ చిరునామాలో, దాని వెనకే మొదటి విలువ, ఆ వెనక రెండోది, ఇలా వరుసగా పేర్చి ఉండేవి. అక్కడ ఇంట్ అంటే 2 బైట్లు, కాబట్టి రెండేసి బైట్లు జరుపుకుంటూ పోతే సరిపోయేది. 32 బిట్ల ఎక్స్86లో కూడా నాలుగేసి బైట్లతో ఇదే నడిచింది.

64 బిట్ల లైనక్స్ ల్యాప్‌టాప్‌లో అలా ఉండదు. మొదటి ఆరు పూర్ణాంక, పాయింటర్ ఆర్గ్యుమెంట్లు ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్‌సీఎక్స్, ఆర్8, ఆర్9 రిజిస్టర్లలో వస్తాయి. దశాంశ విలువలు ఎక్స్ఎంఎం0 నుంచి ఎక్స్ఎంఎం7 వరకు ఉన్న ఎనిమిది రిజిస్టర్లలో వస్తాయి. ఇవి నిండాకే స్టాక్ మొదలు. మీరు ఫార్మాట్ స్ట్రింగ్ చిరునామా అడిగినప్పుడు కంపైలర్ ఆ ఒక్క పాయింటర్‌ను తన లోకల్ చోట్లో రాసి ఆ చిరునామా ఇస్తుంది. పక్కన ఉన్నది మీ రెండో ఆర్గ్యుమెంట్ కాదు, ఏదో ఒక లోకల్ వేరియబుల్ లేదా పాత శేషం. మీరు చూసిన చెత్త అదే.

అందుకే ఎస్‌టీడీఆర్గ్ హెడర్. వీఏ_లిస్ట్ రకంతో ఒక వేరియబుల్ పెట్టుకోండి. వీఏ_స్టార్ట్‌కు ఆ వేరియబుల్‌నూ, చుక్కలకు ముందున్న చివరి పేరున్న పారామీటర్‌నూ ఇవ్వండి. ఒక్కో విలువకూ వీఏ_ఆర్గ్ పిలుస్తూ రకం పేరు చెప్పండి. అయ్యాక వీఏ_ఎండ్. చాలా యంత్రాల మీద వీఏ_ఎండ్ ఏ పనీ చేయదు, అయినా మానకండి, ప్రమాణం ప్రకారం అది తప్పనిసరి. సీ23లో వీఏ_స్టార్ట్‌కు రెండో ఆర్గ్యుమెంట్ అక్కర్లేదు. కానీ బోర్డుల కంపైలర్లు చాలా చోట్ల పాతవే ఉంటాయి, కాబట్టి రెండూ ఇవ్వడమే మేలు.

వీఏ_ఆర్గ్‌లో చార్ అన్నందుకు ప్రోగ్రాం ఎందుకు ఆగింది? మూడు చుక్కల ద్వారా వెళ్లే విలువ తన చిన్న రూపంలో వెళ్లదు. చార్, షార్ట్ ఏదైనా ఇంట్‌గా పెరిగి వెళ్తుంది. ఫ్లోట్ డబుల్‌గా మారి వెళ్తుంది. చార్ పంపినా అవతల చేరేది ఇంటే. కాబట్టి %సీ కనిపిస్తే ఇంట్ అనే అడగాలి, తీసుకున్నాక చార్‌గా కుదించుకోవాలి. %ఎఫ్ కనిపిస్తే డబుల్ అనే అడగాలి. చార్ అని అడిగితే అది భాష నిర్వచించని ప్రవర్తన. జీసీసీ కంపైలర్ అయితే హెచ్చరించి ఊరుకోదు, ఆ చోట ప్రోగ్రాంను ఆపేసే సూచననే నాటుతుంది. మీకు ఎదురైంది అది. నన్నడిగితే అది కంపైలర్ చేసిన మేలు. నిశ్శబ్దంగా తప్పు బైట్ చదివి ఉంటే మీరు వారం రోజులు వెతికేవారు.

నిశ్శబ్దంగా తప్పు చదవడం ఎలా ఉంటుందో నాకు ఒకసారి అనుభవమైంది. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న పరికరానికి ఫర్మ్‌వేర్ రాస్తున్నాం. లాగ్ ఫంక్షన్ నేనే రాశాను. ఒక ఎర్రర్ సందేశంలో ముందు సమయం, తర్వాత ఒక స్ట్రింగ్ ఉన్నాయి. సమయం 64 బిట్ల మైక్రోసెకన్ల లెక్క. ఫార్మాట్‌లో మాత్రం %డి, %ఎస్ అని రాశాను. ల్యాప్‌టాప్‌లో పరీక్షిస్తే సంఖ్యా సరిగ్గా ఉంది, స్ట్రింగూ సరిగ్గా ఉంది. బోర్డులో ఆ లైను ఎప్పుడో ఒకసారి గానీ నడవదు. నడిచినప్పుడు ఒక్కోసారి చెత్త, ఒక్కోసారి హార్డ్ ఫాల్ట్, అంటే ప్రాసెసర్ ముందుకు నడవలేక ఆగిపోయే లోపం.

కారణం కాగితం మీద రిజిస్టర్లు గీసుకుంటే గానీ తెలియలేదు. 32 బిట్ల ఆర్మ్‌లో మొదటి నాలుగు పదాలు (ఒక్కోటి 32 బిట్లు) ఆర్0 నుంచి ఆర్3 వరకు రిజిస్టర్లలో వస్తాయి. ఫార్మాట్ స్ట్రింగ్ ఆర్0లో ఉంది. 64 బిట్ల విలువ సరి సంఖ్య రిజిస్టర్ దగ్గరే మొదలవాలన్నది అక్కడి నియమం. అందుకే అది ఆర్1ని ఖాళీగా వదిలి, ఆర్2, ఆర్3 జంటలో కూర్చుంది. స్ట్రింగ్ పాయింటర్ స్టాక్ మీదికి పోయింది. నా ఫంక్షన్ %డి చూసి ఒక ఇంట్ అడిగింది, దానికి దొరికింది ఆర్1లో మిగిలిపోయిన పాత చెత్త. తర్వాత %ఎస్ చూసి పాయింటర్ అడిగింది, దొరికింది ఆర్2, అంటే సమయంలోని కింది 32 బిట్లు. మైక్రోసెకన్ల లెక్కను చిరునామా అనుకుని అక్కడి బైట్లు చదవబోయింది. బోర్డు ఆన్ అయిన కొత్తలో ఆ అంకె చిన్నది కాబట్టి ఫ్లాష్ మెమరీలో పడి చెత్త అక్షరాలు వచ్చేవి. కాసేపటికి అంకె పెరిగి ఏ మెమరీ లేని చోట పడేది, అంతే హార్డ్ ఫాల్ట్. ల్యాప్‌టాప్‌లో మాత్రం 64 బిట్ల విలువ ఒకే రిజిస్టర్‌లో ఇముడుతుంది, స్ట్రింగ్ ఆ పక్క రిజిస్టర్‌లో ఉంటుంది. అందుకే అక్కడ తప్పు కనబడలేదు. నేను రాయాల్సింది 64 బిట్ల అన్‌సైన్డ్ విలువకు వాడే %ఎల్‌ఎల్‌యూ. రెండక్షరాలు తక్కువైనందుకు నాలుగు రోజులు పోయాయి.

ఇక మీ మూడో ఇబ్బంది. వీఏ_లిస్ట్ అంటే ‘ఇంతవరకు చదివాను’ అని చెప్పే గుర్తు. ఒకసారి చివరిదాకా చదివించాక అది మొదటికి తిరిగి రాదు. మరి బోర్డు మీద ఎలా నడిచింది? 32 బిట్ల ఆర్మ్‌లో వీఏ_లిస్ట్ లోపల ఒక పాయింటర్ ఉన్న చిన్న స్ట్రక్చర్. దాన్ని వీప్రింట్‌ఎఫ్‌కు (చుక్కల బదులు వీఏ_లిస్ట్ తీసుకునే ప్రింట్‌ఎఫ్‌కు) ఇస్తే నకలు వెళ్తుంది, మీ దగ్గరి అసలు చెక్కుచెదరదు. అది అదృష్టమే, హామీ కాదు. 64 బిట్ల లైనక్స్‌లో వీఏ_లిస్ట్ అనేది ఒకే మూలకం ఉన్న అరే. ఆ మూలకం 24 బైట్ల స్ట్రక్చర్, అందులో రెండు ఆఫ్‌సెట్లు, రెండు పాయింటర్లు ఉంటాయి. మొదటి ఆఫ్‌సెట్ పూర్ణాంక రిజిస్టర్లలో ఎంతదాకా చదివామో చెబుతుంది, రెండోది దశాంశ రిజిస్టర్ల సంగతి చెబుతుంది. ఒక పాయింటర్ స్టాక్ మీద మిగిలిన వాటిని, మరొకటి రిజిస్టర్లను దాచిన చోటును చూపిస్తాయి. అరేను ఫంక్షన్‌కు పంపితే సీలో ఏం జరుగుతుందో మీకు తెలిసిందే, పాయింటర్ వెళ్తుంది. కాబట్టి వీప్రింట్‌ఎఫ్ ముందుకు జరిపింది మీ అసలు గుర్తునే. రెండో పిలుపు అది ఆగిన చోటి నుంచి చదవడం మొదలుపెట్టింది, లేని ఆర్గ్యుమెంట్‌ను స్ట్రింగ్ అనుకుని కూలింది.

మందు వీఏ_కాపీ, సీ99లో వచ్చింది. మొదటి వాడకానికి ముందే నకలు తీయండి. ఒకటి తెరకు, రెండోది ఫైలుకు. రెండింటికీ విడివిడిగా వీఏ_ఎండ్. వాడేశాక నకలు తీస్తే వాడిన స్థితే నకలవుతుంది, లాభం లేదు. ఇదే పద్ధతి వీఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తోనూ అక్కరకొస్తుంది. సైజు 0 ఇచ్చి ఒకసారి పిలిస్తే ఎన్ని అక్షరాలు పట్టేవో చెబుతుంది, చివరి సున్నా బైట్‌ను లెక్కలో కలపదు. దానికి ఒకటి కలిపి మెమరీ తీసుకుని, నకలుతో రెండోసారి పిలవాలి.

అసలు ఫంక్షన్ కట్టడం దగ్గరికి వద్దాం. చాలామంది చేసే పని, చుక్కలున్న ఫంక్షన్‌లోనే మొత్తం రాసేయడం. అలా రాస్తే రేపు ‘బఫర్‌లోకి రాసేది కూడా కావాలి’ అన్నప్పుడు అంతా మళ్లీ రాయాలి. ఎందుకంటే చుక్కలున్న ఫంక్షన్ తన చుక్కలను మరో చుక్కల ఫంక్షన్‌కు అందించలేదు. ప్రామాణిక లైబ్రరీలో ప్రతి ప్రింట్‌ఎఫ్‌కూ ఒక ‘వీ’ జోడీ ఉన్నది ఇందుకే. మీరూ అలాగే చేయండి. గుండెకాయ లాంటి ఫంక్షన్ ఒకటి ఉంచండి. అది నాలుగు తీసుకుంటుంది: ఒక అక్షరాన్ని ఎటు పంపాలో తెలిసిన ఫంక్షన్ పాయింటర్, దానికి కావలసిన సందర్భపు పాయింటర్, ఫార్మాట్ స్ట్రింగ్, వీఏ_లిస్ట్. సీరియల్ పోర్టుకు పంపేది, బఫర్‌కు పంపేది రెండూ దాని మీద నాలుగైదు లైన్ల తొడుగులు. వీఏ_స్టార్ట్, వీఏ_ఎండ్ తొడుగుల్లోనే ఉంటాయి. వీఏ_ఆర్గ్ మాత్రం ఆ గుండెకాయ ఫంక్షన్‌లోనే, ఒక్కచోటే పిలవండి. వీఏ_లిస్ట్‌ను ఇంకో సహాయక ఫంక్షన్‌కు పంపి అక్కడ ఒక విలువ, ఇక్కడ ఒక విలువ చదవడం మొదలుపెడితే, పైన చెప్పిన అరే, స్ట్రక్చర్ తేడా మళ్లీ మీ మెడకు చుట్టుకుంటుంది.

ఫార్మాట్ చదివే వరుస ఇది. శాతం గుర్తు కానిది ఏదైనా నేరుగా పంపేయండి. శాతం గుర్తు వస్తే ముందు ఫ్లాగులు, తర్వాత వెడల్పు, తర్వాత చుక్కతో మొదలయ్యే ప్రెసిషన్ (స్ట్రింగ్‌కైతే గరిష్ఠంగా ఎన్ని బైట్లు), తర్వాత ఎల్, ఎల్‌ఎల్ లాంటి పొడవు గుర్తులు, చివరికి అసలు అక్షరం. వెడల్పు స్థానంలో నక్షత్రం గుర్తు ఉంటే దానికి ఒక ఇంట్ ముందుగా తీసుకోవాలి, అది రుణ సంఖ్య అయితే ఎడమకు సర్దమని అర్థం. ఒక చోట జాగ్రత్త. స్ట్రింగ్ చివర ఒంటరిగా శాతం గుర్తు ఉంటే, తర్వాతి అక్షరం సున్నా బైట్. దాన్ని గమనించకుండా పాయింటర్‌ను ఒకడుగు జరిపితే స్ట్రింగ్ దాటి చదువుతూ పోతారు. నేను చూసిన సొంత ప్రింట్‌ఎఫ్‌లలో సగానికి సగం ఈ తప్పు ఉంది.

పూర్ణాంకం అచ్చు వేయడం అందరికీ తెలిసిందే, 10తో భాగిస్తూ శేషాలను వెనక నుంచి బఫర్‌లో పేర్చడం. రెండు చోట్ల మాత్రం ఆగండి. మొదటిది సున్నా. వైల్ లూప్ రాస్తే సున్నాకు ఏ అంకే అచ్చవదు, డూ-వైల్ రాయండి. రెండోది -2147483648. దీన్ని ఇంట్‌లోనే ధనం చేయబోతే 2147483648 కావాలి, అది 32 బిట్ల ఇంట్‌లో పట్టదు. అందుకే ముందు అన్‌సైన్డ్‌లోకి మార్చి, సున్నా నుంచి తీసేయండి. అన్‌సైన్డ్ లెక్కలో అది నిర్వచితమే, జవాబు సరిగ్గా వస్తుంది. గుర్తును విడిగా ఒక జెండాలో ఉంచుకోండి. 64 బిట్ల విలువకు దశాంశంలో గరిష్ఠంగా 20 అంకెలు. మీ చిప్ కార్టెక్స్ ఎం0 రకమైతే భాగహారానికి హార్డ్‌వేర్ సూచనే లేదు, ప్రతి భాగహారమూ లైబ్రరీ రొటీన్. అందుకని ప్రతి సంఖ్యనూ 64 బిట్లలోకి లాగి భాగించకండి. %డికి 32 బిట్ల దారి, %ఎల్‌ఎల్‌డికి మాత్రమే 64 బిట్ల దారి పెట్టండి.

సొంతగా రాసుకోవడంలో నాకు నచ్చే ఒక సుఖం ఇక్కడే ఉంది. మనకు కావలసినట్టు కామాలు పెట్టుకోవచ్చు. 12345678ని 1,23,45,678 అని చూపించాలి, మూడేసి అంకెలతో కాదు. అంకెలను వెనక నుంచి పేరుస్తున్నాం కాబట్టి ఇది చాలా తేలిక. ఇప్పటిదాకా పేర్చిన అంకెల లెక్క 3 లేదా అంతకు పైబడిన బేసి సంఖ్య అయి, ఇంకా అంకెలు మిగిలి ఉంటే, తర్వాతి అంకెకు ముందు ఒక కామా. అంతే. 20 అంకెలకు 9 కామాలు, ఒక గుర్తు, మొత్తం 30 బైట్ల బఫర్ చాలు. దీనికోసం కొత్త అక్షరం కనిపెట్టకండి. శాతం గుర్తు పక్కన ఒంటి కొటేషన్ ఫ్లాగును పోసిక్స్ (యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం) ఇదే పనికి కేటాయించింది, జీసీసీ తనిఖీ కూడా దాన్ని ఒప్పుకుంటుంది. ఆ మాట ఎందుకన్నానో చివర తెలుస్తుంది.

%ఎస్ దగ్గర రెండు మాటలు. నల్ పాయింటర్ వస్తే ప్రమాణం ఏ హామీ ఇవ్వదు. లైనక్స్‌లో ఉండే సీ లైబ్రరీ జీలిబ్‌సీ ‘నల్’ అన్న మాటను బ్రాకెట్లలో అచ్చు వేస్తుంది, మీరూ అలా చేయండి. డీబగ్ సందేశమే బోర్డును పడగొట్టకూడదు. ప్రెసిషన్ ఇచ్చినప్పుడు ముందుగా స్ట్రింగ్ మొత్తం పొడవు కొలవకండి. సీరియల్ పోర్టులో వచ్చిన బఫర్‌కు చివర సున్నా బైట్ ఉండకపోవచ్చు. అందుకే కదా పిలిచినవాడు ప్రెసిషన్ ఇచ్చాడు. ప్రెసిషన్ దాటకుండా, సున్నా బైట్ దొరికితే అక్కడే ఆగుతూ లెక్కపెట్టండి.

తెలుగు సందేశాలు పంపే ఆలోచన ఉంటే ఇంకొకటి. ఇక్కడ వెడల్పు, ప్రెసిషన్ రెండూ బైట్ల లెక్క. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కొక్కటి 3 బైట్లు. ‘తెలుగు’ అన్న మాటలో కంటికి కనిపించేవి మూడు అక్షరాలు, కోడ్ పాయింట్లు ఆరు, బైట్లు 18. వెడల్పు 10 అంటే దానికి ఒక్క ఖాళీ కూడా చేరదు, పట్టికలో గళ్లు వంకరవుతాయి. ప్రెసిషన్ 10 అంటే ‘తెల’ వచ్చి, దాని వెనక ఉకారంలోని మొదటి బైట్ ఒక్కటే వెళ్తుంది, టెర్మినల్ మీద ప్రశ్నార్థకం డబ్బా కనిపిస్తుంది. కోయబోయే చోట ఉన్న బైట్‌లో పై రెండు బిట్లు 1, 0 అయితే అది అక్షరం నడుమ బైట్. అలా లేని బైట్ దొరికేదాకా వెనక్కి జరిగి, అక్కడ కోయండి. గళ్లు పూర్తిగా సరిపోవాలంటే గుణింతపు గుర్తుల లెక్క కూడా చూడాలి. బోర్డు మీద అంత పని పెట్టుకోవద్దనే నా సలహా.

%ఎఫ్ గురించి నా మాట సూటిగా ఉంటుంది: వీలైతే రాయకండి. డబుల్‌ను ప్రతి సందర్భంలోనూ సరిగ్గా దశాంశంలోకి మార్చడం చిన్న పని కాదు. 0.1 అనుకుని మీరు దాచేది నిజానికి 0.1000000000000000055511 అలా సాగుతుంది. ఏ అంకె దగ్గర ఆపాలన్న దాని మీద 1990లో స్టీల్, వైట్ రాసిన పత్రం నుంచి 2018లో ఉల్ఫ్ ఆడమ్స్ ర్యూ అనే పద్ధతి దాకా పరిశోధనలే జరిగాయి. పైగా ఫ్లోట్ డబుల్‌గా పెరుగుతుంది కదా, ఫ్లోట్ లెక్కలకు మాత్రమే హార్డ్‌వేర్ ఉన్న చిప్‌లో ఆ డబుల్ లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్ రొటీన్లను లోపలికి లాగుతాయి. వోల్టేజీ 3.3 అని చూపించాలంటే మిల్లీవోల్టుల్లో 3300 అని పంపండి. తప్పదంటే విలువ గుర్తును ముందే తీసి పక్కన పెట్టుకుని, 1000తో గుణించి, అర కలిపి, పూర్ణాంకం చేయండి. తర్వాత 1000తో భాగిస్తే ముందు భాగం, శేషం వెనక భాగం. శేషాన్ని మూడు అంకెలకు సున్నాలతో నింపండి. ముందు రెండు భాగాలుగా విడదీసి, వెనక భాగాన్ని మాత్రమే సవరించబోతే 1.9996 కాస్తా 1.1000 అయి కూర్చుంటుంది. గుర్తును ముందే తీయకపోతే -0.5 మైనస్ లేకుండా అచ్చవుతుంది, ఎందుకంటే ముందు భాగం సున్నాకు మైనస్ ఉండదు.

వేగం మాట కూడా చెప్పాలి. సీరియల్ పోర్టు 115200 బాడ్ అయితే, ఒక అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు, సెకనుకు 11,520 అక్షరాలు. 80 అక్షరాల లైను వెళ్లడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు. ఇంటరప్ట్ హ్యాండ్లర్ లోపల ఈ ఫంక్షన్‌ను పిలవకండి. అక్కడ రింగ్ బఫర్‌లోకి పడేసి, బయట మెయిన్ లూప్‌లో పంపండి.

ఇప్పుడు నేను అన్నింటికంటే ముఖ్యమనుకునేది. ఫార్మాట్ స్ట్రింగ్ అబద్ధం చెబితే ఫంక్షన్‌కు తెలియదన్నాను. కానీ కంపైలర్‌కు తెలుసు, పిలిచే చోట రకాలన్నీ దాని కళ్లముందే ఉంటాయి. మీరు అడగాలంతే. జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ డిక్లరేషన్ పక్కన ఫార్మాట్ అనే అట్రిబ్యూట్ పెట్టవచ్చు. అందులో ప్రింట్‌ఎఫ్ తరహా అని చెప్పి, ఫార్మాట్ స్ట్రింగ్ ఎన్నో పారామీటరో, చుక్కలు ఎన్నో స్థానంలో మొదలవుతాయో రెండు అంకెలు ఇస్తారు. మీ సీరియల్ పోర్టు తొడుగుకు అవి 1, 2. వీఏ_లిస్ట్ తీసుకునే ఫంక్షన్‌కు రెండో అంకె 0. అది పెట్టి, కంపైలర్ హెచ్చరికలు ఆన్‌లో ఉంచితే ప్రతి పిలుపునూ ప్రామాణిక ప్రింట్‌ఎఫ్‌లాగే తనిఖీ చేస్తుంది. నా నాలుగు రోజుల కష్టం కంపైల్ దగ్గరే ఒక హెచ్చరికగా తేలిపోయేది. కామాలకు కొత్త అక్షరం వద్దన్నది ఇందుకే, కొత్త అక్షరం పెడితే ఈ తనిఖీ దాన్ని తప్పంటుంది, మీరు విసిగి తనిఖీనే తీసేస్తారు. ఆర్మ్ కంపైలర్‌లో 32 బిట్ల ప్రామాణిక అన్‌సైన్డ్ రకం చాలా చోట్ల లోపల అన్‌సైన్డ్ లాంగ్. %యూ రాస్తే హెచ్చరిస్తుంది. రెండూ 4 బైట్లే కదా అని నోరు మూయించకండి, %ఎల్‌యూ రాయండి, లేదా ఆ రకాల కోసమే ఉన్న మాక్రోలు వాడండి.

ఇంకో అలవాటు చేసుకోండి. బయటి నుంచి వచ్చిన స్ట్రింగ్‌ను ఎప్పుడూ ఫార్మాట్ స్థానంలో పెట్టకండి. %ఎస్ పెట్టి దాని విలువగా పంపండి. పంపినవాడు అందులో శాతం గుర్తులు పెడితే మీ ఫంక్షన్ లేని ఆర్గ్యుమెంట్లు చదువుతుంది, %ఎన్ ఉంటే మెమరీలోకి రాస్తుంది కూడా. 2000లో డబ్ల్యూయూ ఎఫ్‌టీపీడీ అనే ఎఫ్‌టీపీ సర్వర్‌లో ఈ తప్పుతోనే బయటివాళ్లు యంత్రం మొత్తం చేజిక్కించుకునే దారి దొరికింది. మీ ఫంక్షన్‌లో %ఎన్ అసలు పెట్టకండి, దానితో మీకు పనే లేదు. కంపైలర్‌కు ఫార్మాట్ సెక్యూరిటీ హెచ్చరికను ఆన్ చేయమని చెప్పండి.

రాశాక ఈ విలువలతో నడిపి చూడండి, ల్యాప్‌టాప్‌లోనూ బోర్డులోనూ. 0, -1, -2147483648, ఆపైన 18446744073709551615ను %ఎల్‌ఎల్‌యూతో. 64 బిట్ల విలువ వెంటనే ఒక స్ట్రింగ్. ఏడెనిమిది ఇంట్‌లు వరుసగా, రిజిస్టర్లు నిండి స్టాక్‌లోకి దిగేలా. నల్ స్ట్రింగ్. సున్నా బైట్ లేని బఫర్‌కు ప్రెసిషన్. చివర ఒంటరి శాతం గుర్తు. ఒకే సందేశం రెండు చోట్లకు, వీఏ_కాపీతో. 999, 1000, 99999, 100000 కామాలతో. 999కి కామా రాకూడదు, చివరిది 1,00,000 రావాలి. ఇందులో ఏది తప్పినా, ఏ విలువ ఇచ్చారో, ఏం వచ్చిందో, బోర్డు ఏదో, కంపైలర్ ఏ వెర్షనో రాయండి, రిజిస్టర్ల బొమ్మ గీసి కలిసి చూద్దాం.